కారు నురుగుతోనే ఇంటికి వచ్చింది: ఈ యంత్రం మీది ఇంగ్లీషు ఎవరైనా విడమరిచి చెప్పండి

సత్యనారాయణపురం పెద్దాయన:

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, 34 ఏళ్ల తర్వాత సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. ఆ 34 ఏళ్లూ ఫైళ్ల మీద రాసినదంతా ఇంగ్లీషే. కొత్తగా వచ్చిన అధికారుల ముసాయిదాల్లో తప్పులు దిద్దిన రోజులూ ఉన్నాయి. గొప్పకు చెప్పడం లేదు. అలాంటివాడిని పోయిన మంగళవారం ఒక ఇనప పెట్టె ముందు అక్షరం ముక్క రానివాడిలా నిలబడ్డాను. ఆ ఉక్రోషంతో రాస్తున్నాను.

ప్రస్తుతం నేనూ మా ఆవిడా న్యూజెర్సీలో మా పెద్దమ్మాయి ఇంట్లో ఉన్నాం. చలికాలంలో ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కారు పక్కలకూ అడుగుకూ పట్టి, పాత గోడకు చౌడు పూసినట్లు తెల్లగా తేలుతుంది. వదిలేస్తే తుప్పు పడుతుందని అమ్మాయి కారు కడగడానికి బయలుదేరితే నేనూ వెంట వెళ్లాను. దారిలో పెట్రోలు బంకులో దిగి గొట్టం అందుకోబోయాను. "ముట్టుకోకు నాన్నా, ఈ రాష్ట్రంలో మన పెట్రోలు మనం పోసుకోకూడదు" అంది. 1949 నాటి చట్టమట. బంకు కుర్రాడే పోసి రసీదు చేతిలో పెట్టాడు. పెట్రోలు వాళ్లే పోయాలట, కారు మాత్రం మనమే కడుక్కోవాలట. సరే, ఏ ఊరి లెక్క ఆ ఊరిది.

మన ఆటోనగర్‌లో వాటర్ సర్వీసింగ్ షెడ్డులాంటిదే ఉంటుందనుకున్నాను. వెళ్లి చూస్తే ఒక్క మనిషి లేడు. వరసగా ఐదు గదులు, ముందూ వెనకా తలుపులు లేవు, ఒక్కో గదికి ఒక నంబరు. అమ్మాయి మూడో గదిలో కారు పెట్టిందో లేదో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. "ఐదు నిమిషాలు ఆగు నాన్నా, నేనే వచ్చి కడుగుతాను" అని అద్దాలు ఎత్తుకుని కూర్చుంది. ఆగి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

గోడకున్న పెట్టె మీద 'ఇన్సర్ట్ బిల్' అని ఉంది. మనకు బిల్లు అంటే పని అయ్యాక ఇచ్చేది కదా. ఇంకా కడగనే లేదు, బిల్లు ఎక్కడి నుంచి తేను? జేబులో పెట్రోలు రసీదు తగిలింది. పెట్రోలు పోయించుకున్నవాళ్లకు ఏదో తగ్గింపు కాబోలు అనుకుని, దాని మడత విప్పి, మోకాలి మీద పెట్టి సాపు చేసి, ఆ సందులో పెట్టాను. వేలెడంత లోపలికి లాక్కుని, నాలుక వెళ్లబెట్టినట్లు బయటికి తోసింది. తిరగేసి పెట్టాను. మళ్లీ తోసింది. మూడోసారి కొంచెం గట్టిగా నెట్టాను. అప్పుడు ఎర్ర దీపం వెలిగింది, నేను చెయ్యి తీసేశాను.

పక్కన ఇంకో సందు, దాని మీద 'క్వార్టర్స్' అని ఉంది. మన దగ్గర క్వార్టర్సు అంటే సర్కారు వారిచ్చే ఇల్లు. లేదా నేను ముట్టని ఇంకొకటి. అయితే బొమ్మ ఉండబట్టి ఇవి 25 సెంట్ల నాణేలని తెలిసింది. అమ్మాయి చిల్లర డబ్బా నా చేతిలోనే ఉంది. 12 నాణేలు వేశాను, అంటే 3 డాలర్లు. పైన ఎర్ర అంకెల్లో 4 నిమిషాలు అని పడింది. సంతోషించాను. మరుక్షణం అది తరగడం మొదలుపెట్టింది!

నేనింకా చదువుతున్నాను. గడియారం పళ్లెంలా గుండ్రంగా ఒక తిప్పుడు మీట, దాని చుట్టూ పేర్లు: ప్రీ-సోక్, టైర్ క్లీనర్, హై ప్రెషర్ సోప్, ఫోమ్ బ్రష్, హై ప్రెషర్ రిన్స్, వ్యాక్స్, స్పాట్ ఫ్రీ రిన్స్, స్టాప్. తీరిగ్గా చదువుకుందామని మీటను స్టాప్ వైపు తిప్పాను. నీళ్లు ఆగాయి, అంకెలు ఆగలేదు. చూస్తుండగానే నిమిషం పోయింది. కంగారులో బ్రష్షు అందుకున్నాను. దానిలోంచి గులాబి రంగు నురుగు వచ్చింది. బాగానే వచ్చింది కదా అని పైకప్పు నుంచి చక్రాల దాకా పెళ్లికూతురికి నలుగు పెట్టినట్లు పట్టించాను. ఇంతలో ఏదో కూత కూసి అంతా ఆగిపోయింది. డబ్బాలో క్వార్టర్లు లేవు.

సిగ్గుపడే మాట ఇప్పుడు చెబుతున్నాను. 'స్పాట్ ఫ్రీ' అని ఉంది చూశారా, స్పాట్ అంటే అక్కడికక్కడే, ఫ్రీ అంటే ఉచితం అనుకున్నాను. పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషనూ, కాలేజీల్లో స్పాట్ అడ్మిషన్లూ ఎరిగినవాడిని, నాకు వేరే అర్థం ఎలా తోస్తుంది? డబ్బులు అయిపోయినవాళ్ల కోసం చివర కొన్ని ఉచిత నీళ్లు ఉంచారు, ధర్మాత్ములు అనుకుని మీట అక్కడికి తిప్పి, గొట్టం పట్టుకుని నిలబడ్డాను. ఒక్క చుక్క రాలేదు.

అప్పుడే వెనక కారులోంచి ఒకాయన తల బయటపెట్టి "యూ ఆల్ సెట్?" అని అడిగాడు. ఏ సెట్టు గురించి అడుగుతున్నాడో అర్థం కాక మర్యాదకు "యెస్ సర్" అన్నాను. ఆయన నన్నూ, గులాబి నురుగు కారుతున్న కారునూ మార్చి మార్చి చూశాడు. అమ్మాయి ఫోను చెవిన పెట్టుకునే కారు బయటికి తీసింది. ఇంటికి వచ్చేసరికి నురుగు ఎండి పొలుసులు కట్టింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏమండీ, కారుకు మినప్పిండి రాశారా?" అంది.

వచ్చే శనివారం మళ్లీ వెళుతున్నాం. ఈసారి అమ్మాయి దిగనంటోంది, నన్నే కడగమంటోంది, వినోదం చూస్తుందట. ఈ పేర్ల అర్థం, వరస, డబ్బులు మింగితే ఎవరిని ఏమని అడగాలి, వెనకవాడు అడిగినదానికి జవాబేమిటి, తెలిసినవారు చెప్పగలరు.

ఎడిసన్‌లో గుంటూరు అమ్మాయి:

బాబాయి గారూ, నమస్కారం. మాది గుంటూరు అరండల్‌పేట. ఈ న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వచ్చి 11 ఏళ్లయింది. మొదటిసారి నేనూ స్టాప్ అంటే కాలం ఆగుతుందనుకున్నదాన్నే. చాలాచోట్ల ఆగదు. మనం కొన్నది నీళ్లను కాదు, నిమిషాలను. అందుకని నాణెం వేయక ముందే అంతా చదివేసుకోవాలి, గొట్టం చేతిలోకి తీసుకోవాలి, మీటను మొదట కావలసిన పేరు మీద ఉంచుకోవాలి. ఆ తర్వాతే డబ్బు. అంకెలు సున్నాకు చేరక ముందు కూత వినిపిస్తుంది. ఆ కూత వినగానే ఇంకో రెండు నాణేలు వేస్తే సమయం కలుస్తుంది. పూర్తిగా ఆగిపోయాక వేస్తే మళ్లీ మొదటి రుసుమంతా కట్టమంటుంది. మీ 12 క్వార్టర్లలాగా.

అమెరికాలో బిల్ అంటే నోటు. డాలర్ బిల్ అంటే డాలరు నోటు. మన బిల్లును ఇక్కడ రసీట్ అంటారు, హోటల్లో అయితే చెక్ అంటారు. గదుల పక్కన ఎక్కడో 'చేంజ్' అని రాసి ఒక యంత్రం ఉంటుంది, నోటు పెడితే గలగలా క్వార్టర్లు రాలుస్తుంది. 5 డాలర్ల నోటుకు 20 వస్తాయి. చిన్న సంచీ తీసుకువెళ్లండి, మా వారు ఒకసారి చొక్కా జేబులో పోయించుకుంటే జేబు చిరిగింది. 'ఎగ్జాక్ట్ చేంజ్ ఓన్లీ' అని కనిపిస్తే, మిగులు చిల్లర వెనక్కి రాదని.

డబ్బు మింగితే పెట్టెను కొట్టకండి. బోర్డు మీద ఒక ఫోను నంబరు ఉంటుంది, కొన్నిచోట్ల ఒక మనిషి కూడా ఉంటాడు. పెద్ద వాక్యాలు అక్కర్లేదు. "ఇట్ టుక్ మై మనీ, బే త్రీ" అంటే చాలు. మూడో గదిలో యంత్రం నా డబ్బు తీసుకుంది, పని చేయలేదు అని వాళ్లకు అర్థమైపోతుంది. మీరు ఆఫీసులో రాసినట్లు విన్నవించుకుంటే వాళ్లు కంగారు పడతారు, బాబాయి గారూ.

వెనకాయన అడిగింది 'మీ పని అయిపోయిందా' అని. అంగడిలో, హోటల్లో, ఆస్పత్రిలో, ఎక్కడైనా ఇదే మాట. అయితే "ఆల్ సెట్" అనండి, కాకపోతే "నాట్ యెట్". మీరు నురుగు కారు పక్కన నిలబడి అవును అన్నారు కాబట్టి, పాపం, ఆయన ఇది తెలుగువాళ్ల పద్ధతి అనుకుని ఉంటాడు.

కొత్తపేట కుర్రాడు:

ఇంత రామాయణం ఎందుకు తాతగారూ? ఇంటి ముందు రెండు బకెట్లు పెట్టుకుని కడుక్కుంటే పోదా?

ఎడిసన్‌లో గుంటూరు అమ్మాయి:

తమ్ముడూ, ఇక్కడ వీధి కాలువలోకి పోయిన నీళ్లు శుద్ధి లేకుండా నేరుగా వాగుల్లోకి పోతాయి. సబ్బూ, నూనే అందులో కలవకూడదని చాలా ఊళ్లలో అంటారు, అపార్ట్‌మెంట్లలో అయితే అసలు ఒప్పుకోరు. కారు కడిగే చోట నీళ్లు మురుగునీటి శుద్ధికి వెళతాయి. ఇంకో సంగతి, ఆ గదుల్లో 'నో బకెట్ వాషింగ్' అని బోర్డు ఉంటే సొంత బకెట్టు దించకూడదని అర్థం. మా మామగారు ఎర్ర ప్లాస్టిక్ బకెట్టూ, పాత లుంగీ ముక్కా పట్టుకుని దిగి, చెప్పించుకుని వచ్చారు.

ఆటోనగర్ సర్వీసింగ్ షెడ్డు:

అయ్యగారూ, ఇంగ్లీషు నాకు రాదు, పని వచ్చు. జవహర్ ఆటోనగర్‌లో 19 ఏళ్లుగా కార్లకు వాటర్ సర్వీసింగ్ చేస్తున్నాను. మీరు రాసిన పేర్లు మా అబ్బాయి చదివి చెప్పాడు. మేము చేసే వరసే అది, చేతికి బదులు మీట పెట్టారు, అంతే.

మొదటిది నానబెట్టే మందు. దాన్ని కారు మీద చల్లి నిమిషం వదలాలి, ఎండిపోనివ్వకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది కదా, ఆ తర్వాత వారాల తరబడి మా షెడ్డుకు బురద కార్లే వచ్చాయి. తొందరపడి ఎండు బురద మీద గుడ్డ వేసి రుద్దినవాళ్ల కార్లకు పెయింటు మీద గీతలు పడిపోయాయి. నానబెట్టి, నీటి దెబ్బతో మట్టి జార్చి, ఆ తర్వాతే చెయ్యి వేయాలి. మీ ఉప్పుకూ ఇదే దారి. నానబెట్టే మందు కింది నుంచి పైకి కొట్టండి, కడిగే నీళ్లు పై నుంచి కిందికి కొట్టండి. చక్రాల వెనక, అడుగున, తలుపుల కింది అంచున ఎక్కువసేపు ఆగండి, తుప్పు అక్కడే మొదలవుతుంది.

గొట్టం జాగ్రత్త. టైరులో గాలి 32 పాయింట్లు పెడతాం. అలాంటి చోట్ల నీటి పీడనం వెయ్యి పాయింట్లు దాటుతుంది. మూరెడు దూరం ఉంచండి. పెయింటు లేచిన చోట జానెడు దగ్గర పెట్టారా, పెచ్చు ఊడి వస్తుంది. రెండు చేతులా పట్టుకున్నాకే మీట నొక్కండి, వెనక్కి తంతుంది.

మీరు నలుగు పెట్టిన ఆ బ్రష్షు ఉంది చూశారూ, నేనైతే ముట్టుకోను. మీకన్నా ముందు ఎవడో ఇసక లారీ రుద్ది ఉంటాడు, ఆ ఇసక కుచ్చుల్లోనే ఉంటుంది. తప్పదనుకుంటే ముందు బ్రష్షును గోడకు ఉన్నట్లే ఉంచి దాని మీద నీళ్లు కొట్టండి, ఆ తర్వాత తీయండి. పావు నిమిషం పోతుంది, పోనివ్వండి.

ఆఖరిది మచ్చలు పడని నీళ్లు. మన బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలితే తెల్ల చుక్కలు మిగులుతాయి కదా, అది నీళ్లలోని సున్నం. అక్కడ ఇంటి ఆర్వో లాంటి యంత్రంతో ఆ సున్నం తీసేసిన నీళ్లు పంపుతారు. అవి మెల్లగా వస్తాయి, దెబ్బ ఉండదు. గుడ్డతో తుడవకపోయినా చుక్క పడదు. మైనం నీళ్లు కావాలంటే దానికి ముందు కొట్టుకోండి. నీళ్లు నిలవకుండా జారిపోవడానికి అది పనికి వస్తుంది. అంతకన్నా పెద్ద మెరుపు ఆశించకండి.

బ్రాడీపేట ఇంగ్లీషు మాస్టారు:

సూపరింటెండెంటు గారికి నమస్కారం. ఒక్క 'ఫ్రీ' దగ్గర ఆగుతాను. మీ ఇంట్లో షుగర్ ఫ్రీ బిస్కట్లు ఉండే ఉంటాయి. ఆ పొట్లం కొన్నప్పుడు చక్కెర ఉచితంగా ఇచ్చారా? పదం వెనక చేరిన ఫ్రీకి 'లేని' అని అర్థం. స్పాట్ ఫ్రీ అంటే మచ్చ లేని. అదే 'ఫ్రీ రిన్స్' అని మాత్రమే ఉండి ఉంటే మీ ధర్మాత్ములు నిజమయ్యేవారు. స్పాట్ వాల్యుయేషన్‌కు 20 ఏళ్లు వెళ్లినవాడిని కాబట్టి, మీరు పడిన గోతిలో నేనూ పడేవాడినేనని ఒప్పుకుంటున్నాను.

రిన్స్‌కు నిఘంటువులో 'కడుగు' అని చూసి సరిపెట్టుకోకండి. బట్టలు సబ్బు పెట్టి ఉతికాక మంచినీళ్లలో జాడిస్తాం చూడండి, అదీ రిన్స్. సబ్బు పోగొట్టే కడుగుడు. పిల్లలకు నేను వాష్ అంటే ఉతకడం, రిన్స్ అంటే జాడించడం అని చెబుతాను, ఇక మరచిపోరు. సోక్ అంటే పప్పు నానబోయడం. ముందు ప్రీ ఉంది కాబట్టి ముందుగా నానబెట్టడం. ఇక బే అంటే మీకు బంగాళాఖాతం గుర్తుకు వచ్చి ఉంటుంది. ఇది వేరు. మీ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో బస్సు మూతి పెట్టి నిలబడే ఒక్కో గాడినీ ఇంగ్లీషులో బే అనే అంటారు. ఆ గొట్టాన్ని వాండ్ అంటారు. మంత్రదండానికీ అదే మాట.

ఆఫీసు ఇంగ్లీషుకూ బోర్డు ఇంగ్లీషుకూ చుట్టరికం తక్కువ. మీరు నేర్చినదానిలో కర్త, కర్మ, ఒక ప్రార్థన, చివర విధేయుడు ఉంటారు. బోర్డు మీద క్రియ ఒక్కటే ఉంటుంది: వెయ్యి, తిప్పు, ఆపు. అక్కడ మర్యాద వెతకకండి.

సత్యనారాయణపురం పెద్దాయన:

అందరికీ కృతజ్ఞతలు. శనివారం వెళ్లి వచ్చాను. మాస్టారి మాటలూ ఆటోనగర్ తమ్ముడి వరసా ఒక అట్టముక్క మీద తెలుగులో రాసుకున్నాను: నానబెట్టు, ఆగు, జాడించు, మైనం, మచ్చలేని నీళ్లు. బ్రష్షు జోలికి పోలేదు. చేంజ్ యంత్రంలో 5 డాలర్ల నోటు పెట్టాను. మా ఆవిడ కుట్టిన వక్కల సంచీలో 20 క్వార్టర్లు పడ్డాయి. రసీదులన్నీ ముందే కారులో వదిలి వెళ్లాను, మళ్లీ చెయ్యి దురద పుట్టకుండా.

జాడించేటప్పుడు చక్రాల వెనక నుంచి ఉప్పు నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా కారాయి. కూత కూయగానే రెండు నాణేలు వేశాను. మచ్చలేని నీళ్లు మెల్లగా జారుతుంటే, ప్రకాశం బ్యారేజీ కింద వేసవిలో పారే పాయలాగా కనిపించి కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. అది 25 సెంట్ల పరధ్యానం. వెనక ఇంకో కారు వచ్చి నిలబడింది. ఆయన తల బయటపెట్టక ముందే నేనే "ఆల్ సెట్!" అని కేక వేశాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. అమ్మాయి అద్దం వెనక నవ్వుతూనే ఉంది.

అయితే కొత్త చిక్కు వచ్చిపడింది. మిగిలిన క్వార్టర్లతో లోపల దుమ్ము తీద్దామని వ్యాక్యూమ్ దగ్గరికి వెళ్లాం. సీటు కింద గొట్టం పెట్టగానే ఠంగుమని ఏదో లోపలికి పోయింది. ఇంటికి వచ్చాక తెలిసింది, రెండు వారాలుగా వెతుకుతున్న మనవరాలి బంగారు చెవిపోగు అదే కావచ్చని. ఇప్పుడు ఎవరిని, ఏమని అడగాలి?

ఎడిసన్‌లో గుంటూరు అమ్మాయి:

బాబాయి గారూ, వెంటనే ఫోను చేయండి. ఆ వ్యాక్యూమ్ పీపాకు కింద ఒక తలుపు ఉంటుంది, లోపల దుమ్మంతా అందులోకే చేరుతుంది. తాళం వాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లు దుమ్ము పారబోయక ముందే చెప్పాలి. "ద వ్యాక్యూమ్ టుక్ మై గ్రాండ్‌డాటర్స్ ఇయర్‌రింగ్" అనండి, ఇంకేమీ వద్దు. మీరు వాడినది ఎన్నో నంబరు యంత్రమో కూడా చెప్పాలి. గుర్తుందా?

సత్యనారాయణపురం పెద్దాయన:

నాలుగు. సంచీ మీద రాసి పెట్టుకున్నాను. ఫోను మోగుతోంది.